కుడిపక్క సీటు చిన్నమ్మ

పాత బండ్ల ప్రదర్శన జరుగుతోందని, చూద్దువుగాని రమ్మని, పోయిన ఆదివారం మా మనవరాలు నన్ను వెంటబెట్టుకుని పోయింది. తళతళలాడే కార్లన్నీ దాటాక, చివర వేపచెట్టు కింద ఒక మిలిటరీ లారీ నిలబడి ఉంది. ముదురు ఆకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, ముందు రెండు చక్రాలు, వెనక ఎనిమిది. దాని ముందు పెట్టిన అట్టమీద ఆరు చక్రాల బండి అని రాశారు. నేను చుట్టూ తిరిగి వచ్చి, పక్కన నిలబడ్డ టోపీ యువకుడితో పది అని చెప్పాను. వెనకవాటిలో జంటను ఒకటిగా లెక్కపెడతారు అవ్వా, అని నవ్వాడు. పంక్చరైనప్పుడు ఒకటొకటిగానే లెక్కపెట్టాలి గదా అన్నాను.

అయినా మర్యాద తెలిసిన పిల్లవాడు. తలుపు తీసి లోపల చూపించాడు.

"ఇది అమెరికాలో చేసిన బండి. చూశారా, స్టీరింగు ఎడమపక్క ఉంది. డ్రైవరు అక్కడ కూర్చుంటాడు. కుడిపక్క సీటు క్లీనరుది."

"తప్పు" అన్నాను.

"మరి ఎవరిది?"

నా వెనక జనం నిలబడి ఉన్నారు. ఆ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పేంతసేపు నిలబడటానికి నా మోకాళ్లు ఒప్పుకోలేదు. అందుకని ఇంటికి వచ్చి రాస్తున్నాను.

మా ఇల్లు పెరంబూరులో ఉండేది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా పూర్వులు ఎప్పుడో వచ్చి మద్రాసులో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ. పక్కింట్లో భార్యాభర్తలిద్దరు ఉండేవారు. చుట్టరికం లేకపోయినా నాకు ఆయన చిన్నాయన, ఆమె చిన్నమ్మ. చిన్నాయన యుద్ధకాలంలో అస్సాం కొండల్లో మిలిటరీ లారీలు తోలినవాడు. యుద్ధం అయిపోయాక పట్టాళంవాళ్లు అక్కరలేని బండ్లను ఏలం వేస్తే, అలవాటైన జాతిదే ఒకటి కొనుక్కుని ఇంటిముందు నిలబెట్టాడు. మా వీధిలో దానికంటే ఎత్తయినది కోవిల గోపురం ఒక్కటే.

ఆ లారీతో ఉన్న చిక్కు ఇది. మన రోడ్లమీద బండ్లు ఎడమపక్కన నడుస్తాయి. ముందున్న బండిని దాటాలంటే కుడికి జరిగి, ఎదురుగా ఏదీ రావడంలేదని చూసుకుని దాటాలి. స్టీరింగు కుడిపక్క ఉన్న డ్రైవరు కొంచెం మెడ చాపితే రోడ్డంతా కనిపిస్తుంది. ఎడమపక్క కూర్చున్నవాడికి ముందు బండి వీపు తప్ప మరేమీ కనిపించదు. కాబట్టి కుడిపక్క ఒక మనిషి కూర్చుని, రోడ్డు చూసి చెప్పాలి. చాలా లారీల్లో ఆ పని క్లీనరే చేసేవాడు, టోపీ యువకుడు అంతవరకు విన్నది నిజమే. చిన్నాయన కూడా మొదట ఒకరి తరువాత ఒకరుగా ఇద్దరు క్లీనర్లను పెట్టుకున్నాడు. మొదటివాడు కూర్చోగానే నిద్రపోయేవాడు. రెండోవాడు నిద్రలో కూడా "రైట్, రైట్" అనేవాడు. వీడికంటే మొదటివాడే నయమని తేలాక, చిన్నమ్మ పొయ్యి ఆర్పి, కొంగు నడుముకు చుట్టి, వెళ్లి ఆ సీటులో కూర్చుంది.

నెల్లూరు, గుంటూరు, బెంగుళూరు, సేలం, ఎక్కడికి సరుకు ఉంటే అక్కడికి ఇద్దరూ పోయేవాళ్లు. వాళ్లకు పిల్లలు లేరు. ఉన్న సంసారమంతా ఆ బండిలో పట్టేది: ఒక కిరసనాయిలు పొయ్యి, ఒక తపేలా, ఊరగాయ జాడీ, మడత చాప.

రోడ్డుమీద చిన్నమ్మ చెప్పే మాట ఒక్కటే. "పో మామా!" ఆయన ఆమెకు సొంత మేనమామ కొడుకే గాని, ఆ పిలుపు అట్లా అలవాటైంది. ఆ మాట వినగానే చిన్నాయన మరో ఆలోచన లేకుండా బండిని కుడికి తిప్పి ముందుకు పోనిచ్చేవాడు. ఆగు అనే మాట ఆమె నోట వచ్చేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆగు ఆగు అని అరిస్తే మనిషి బెదురుతాడు అమ్మణ్ణి. బెదిరినోడు ఏది తొక్కుతాడో వాడికే తెలీదు. నేను చుమ్మా ఉంటే ఆగినట్టు. నోరు తెరిస్తే పొయ్యేదానికే. ఇదొక్కటే గదా, ఆయన బుర్రకు కూడా పడతాది."

"నా బుర్రకేమే తక్కువ?" అన్నాడు లారీ కిందనుంచి చిన్నాయన.

"తక్కువని ఎవురన్నారు? కొంచెం గ్రీసు ఎక్కువ."

ఇంట్లో కూడా ఆమెకు అదే పద్ధతి. అప్పు కావాలని, చీటీ వేయమని, మాటసాయం చేయమని ఎవరు వచ్చినా, కాసేపు వాళ్ల భుజాల మీదుగా వీధి అటూ ఇటూ చూసేది. నోరు తెరిచిందంటే పని అయినట్టు. తెరవలేదంటే వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగి లేచేవాళ్లు. ఆ మౌనంలో కోపం ఉండేది కాదు. ఎదురుగా ఏదో బండి వస్తోంది, అంతే. నాకు మొదట వచ్చిన పెళ్లి సంబంధం గురించి మా అమ్మ ఆమెను అడిగింది. పెళ్లికొడుకు ఫోటో చేతికిచ్చింది. ఆమె ఫోటోను చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూసింది, తిరిగి ఇచ్చింది, తమలపాకు ఈనె తీసుకుంటూ కూర్చుంది. మా అమ్మ ఆ ఫోటోను మరుసటిరోజే పంపేసింది.

ఆమెను వీధి చివరినుంచి కూడా గుర్తుపట్టేవాళ్లం. చీరమీద ఏలంలో బండితోపాటు వచ్చిన ఖాకీ కోటు తొడిగేది. అది ఎవరో ఆజానుబాహువుకు కుట్టింది. ఒక జేబులో ఆకువక్కలు, రెండో జేబులో స్పానరు. ఎప్పుడూ కిటికీమీద ఉండటంవల్ల కుడిచేయి మోచేతినుంచి కిందికి నల్లగా మాడిపోయి ఉండేది. ఎడమచేయి మాత్రం పసుపురంగులో మెరిసేది. పేరంటాల్లో రెండు చేతులూ చాచి గంధం రాయించుకుంటుంటే, "ఈ చేయి ఎవురిది, ఆ చేయి ఎవురిది?" అని అమ్మలక్కలు నవ్వేవాళ్లు. "ఇది మా ఇంటిది, ఇది సర్కారు రోడ్డుది" అనేది. కుడిచేతికి గాజులు నిలిచేవి కావు, తలుపు తగిలి పగిలేవి. అందుకని ఊరినుంచి తిరిగి వచ్చిన రోజు గాజులమ్మను పిలిచి ఆ ఒక్క చేతికే వేయించుకునేది.

రోడ్డుమీద ఆమె చెప్పేది ఒక్క మాటే అన్నాను గాని, అది దాటే విషయంలో. మిగతా వేళల్లో ఎదురు వచ్చే బండ్లవాళ్ల సంగతులన్నీ ఆమెకే కావాలి. "ఈ బస్సు డ్రైవరు మొకం చూడు, పెండ్లాం అన్నం పెట్టకుండా తరిమినట్టుండాడు." "ఆ జట్కా గుర్రానికి వానికన్నా బుద్ధి ఉండాది, చూడు, అదే పక్కకు తొలిగింది." కుడిపక్కనుంచి చూస్తే లోకం ఎదురొచ్చి మొహం చూపించి పోతుందని ఆమెకు సంబరం.

బండి బాగుచేసే ఆదివారాలు మా వీధికి తిరునాళ్లు. చిన్నాయన గోనెపట్టాలు పరిచి, లారీ పేగులన్నీ తీసి వాటిమీద పెట్టేవాడు. ఆ జాతి బండ్లకు కొత్త సామాను దొరకదు. ఒకటి అరిగితే పుదుపేట అంగళ్లలో ఇంకో చచ్చిన బండినుంచి తెచ్చుకోవాలి, లేదా మా నాన్నలాంటివాళ్లను బతిమాలి సానపట్టించుకోవాలి. బోల్టు పోతే బంగారం పోయినట్టే. అందుకని విప్పిన బోల్టులన్నీ చిన్నమ్మ తన వంటింటి పోపుల పెట్టెలో, ఆవాల గుంటలో చిన్నవి, మెంతుల గుంటలో వాటికంటే పెద్దవి, అట్లా వరసగా వేసుకునేది. ఆమె సాంబారులో కిరసనాయిలు వాసన ఉండేదని మా అమ్మ అనేది. నేను తిన్నాను. ఉండేది.

ఒక ఆదివారం గేరుబాక్సు విప్పి బిగించాక, జీలకర్ర గుంటలో ఒక బోల్టు మిగిలింది.

"ఇది ఏడిది మామా?"

"అదా? మిలిటరీవాడు ఎప్పుడూ ఒకటి ఎక్కువ పెడతాడు."

"మిలిటరీవాడు నీకు మేనత్తా, ఎక్కువ పెట్టేదానికి? విప్పు."

"పొద్దు గూకతా ఉండాదే. ఆకలి."

"దీని ఇల్లు దీనికి దొరికినాకనే మన ఇంట్లో పొయ్యి."

ఆయన చుట్టూ చేరిన మగవాళ్లను ఒకసారి చూసుకున్నాడు, ఎవరైనా తన పక్షం మాట్లాడతారేమోనని. అందరూ లారీ చక్రాలను శ్రద్ధగా చూస్తున్నారు. మళ్లీ విప్పాడు. దానికి ఇల్లు ఉంది, గేరుబాక్సు అడుగున, ఎవరూ చూడని మూల. బిగించి బయటికి వచ్చి, "మిలిటరీవాడు తెలివైనోడే" అని మాత్రం అన్నాడు. ఆమె పొయ్యి వెలిగించింది.

ఇక నెల్లూరు ప్రయాణం సంగతి. అది 1954 కార్తీకం. సంవత్సరం విషయంలో మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది అంతకుముందు ఏడు, నా టీచరు ట్రైనింగు ముగిసింది ఆ ఏడు, కాబట్టి వాదన అనవసరం. నెల్లూరులో ఒక ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా నాకు ఉద్యోగం వచ్చింది. ఫలానా సోమవారం బడి వదిలేలోగా వచ్చి చేరాలి, లేకపోతే ఉద్యోగం తరువాతి అమ్మాయికి ఇస్తాం అని కబురు. మా బంధువుల్లో ఆడపిల్ల వేరే ఊళ్లో ఉద్యోగం చేయడం అదే మొదలు. మా నాన్న ఒక పూట ఊ అనేవాడు, ఒక పూట ఊహూ అనేవాడు. నేను చిన్నమ్మ దగ్గరికి పోయి, "చిన్నమ్మా, నేను పొయ్యేదా?" అని అడిగాను.

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. ఏమీ అనలేదు.

ఆ మౌనానికి అర్థం మా వీధిలో అందరికీ తెలుసు.

ఆ వారమే వానలు పట్టుకున్నాయి. రైలుకట్ట కింద మట్టి కొట్టుకుపోయి ఉత్తరం వైపు రైళ్లు ఆగిపోయాయి. బస్సులూ లేవు. ఆదివారానికి వాన వెలిసింది గాని రైలు కబురు లేదు. అప్పుడు చిన్నాయన వచ్చి, నెల్లూరులో కొత్తగా పెడుతున్న టూరింగ్ టాకీసుకు ఇనుప కుర్చీలు తీసుకుపోతున్నానని, తన బండికి నడుములోతు నీళ్లు ఒక లెక్క కాదని, అమ్మాయిని దింపుతానని చెప్పాడు. చిన్నమ్మ వస్తుందన్న మాట ఆయన నోట రాలేదు, మగవాడి వెంట ఒక్కదాన్ని ఎట్లా పంపేదని మా అమ్మ నసిగింది. గోడ అవతలినుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. "నేనూ వస్తా ఉండానని చెప్పు." ఎవరికి చెప్పమన్నదో మాకు అర్థం కాలేదు. అర్థమైంది సోమవారం తెల్లవారి, బండి ఎక్కాక.

నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, కాళ్ల దగ్గర గేరురాడ్డు. ఎడమపక్క చిన్నాయన. కుడిపక్క ఖాకీ కోటులో చిన్నమ్మ, కిటికీమీద చేయి. మాధవరం దాటేదాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. వెనక ఇనుప కుర్చీలు మాత్రం పెళ్లివారిలా గోల చేస్తున్నాయి.

"అమ్మణ్ణీ" అన్నాడు చిన్నాయన, "మీ చిన్నమ్మను అడుగు, కాఫీ తాగుతుందా అని."

ఆమె నా పక్కనే ఉంది. ఆయన మాట నాకంటే ముందు ఆమెకే వినిపించి ఉంటుంది. అయినా అడిగాను.

"తాగినానని చెప్పు" అంది ఆమె, రోడ్డు చూస్తూ.

చెప్పాను. అప్పటికి నాకు విషయం తెలిసిపోయింది. ఇద్దరికీ మాటలు లేవు. ఎందుకో తెలియదు. మొగుడూ పెళ్లాం పోట్లాట మనకెందుకు, నెల్లూరు చేరితే చాలు అనుకున్నాను.

రెడ్‌హిల్స్ దాటాక ముందు బండ్ల బారు తగిలింది. మద్రాసులో సవుక కట్టెలు దించి ఊరికి తిరిగి పోతున్న ఎడ్లబండ్లు. బండ్లవాళ్లు తలకు గుడ్డ చుట్టుకుని ఖాళీ బండ్లలో పడి నిద్రపోతున్నారు. ఎద్దులకు దారి తెలుసు, తొందర తెలియదు. చిన్నాయన రబ్బరు హారన్ నొక్కాడు. ఒక బండిలో ఒక కాలు కదిలి, మళ్లీ సర్దుకుంది. ఆయన బండిని నెమ్మదిచేసి, "పో మామా" కోసం చెవి అటు పెట్టాడు.

చిన్నమ్మ చుమ్మా ఉంది.

ఎదురుగా ఏదో వస్తోంది కాబోలు అనుకున్నాను. కాసేపటికి మెడ చాచి చూశాను. నేను కూర్చున్నచోటినుంచి సగం రోడ్డే కనిపిస్తుంది. ఆ సగం మాత్రం మా ఇంటి నట్టిల్లంత ఖాళీగా ఉంది.

"చిన్నాయనా, రోడ్డు ఖాళీగానే ఉన్నట్టుంది."

"ఉన్నట్టుంటే పోరాదు అమ్మణ్ణీ. ఉండాదని ఆమె చెప్పాల."

"నేను చూసి చెప్పనా?"

"నువ్వు చెప్పి, నేను పోతే, సాయంత్రం పేపర్లో ముగ్గురం ఉంటాం." తరువాత గొంతు పెంచి, "అడుగు మీ చిన్నమ్మను, ముందర ఏముండాదో."

"ముందర ఎద్దులుండాయని చెప్పు" అంది చిన్నమ్మ.

"ఎద్దులు నాకూ కనపడతా ఉండాయి. వాటి ముందర?"

"వాటి ముందర ఇంగ రెండెద్దులు."

ఎద్దుల నడకను బట్టి నెల్లూరు ఎప్పుడు చేరతామో నేను మనసులో లెక్క కట్టాను. బుధవారం వచ్చింది. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ కట్టాను. బుధవారమే వచ్చింది. తరువాతి అమ్మాయి సోమవారమే నా కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆ అమ్మాయిని నేను ఎన్నడూ చూడలేదు గాని, గుమ్మిడిపూండి వచ్చేసరికి ఆమె ముక్కూ మొహం, కళ్లజోడుతో సహా నాకు కళ్లకు కట్టింది.

ఎద్దుల బండ్లు ఒక పక్కదారిలోకి మళ్లాయి. బండి ఊపిరి పీల్చుకుని పరుగెత్తింది. ఆరంబాకం దగ్గర రోడ్డు చదునుచేసే రోలరు ఒకటి ముందు తగిలింది. దాని వెనక కూడా చాలాదూరం ఊరేగాం. చివరికి రోలరు నడిపేవాడికే జాలి కలిగి, పక్కకు ఆపి, దిగి వచ్చి, "ఏమన్నా బ్రేక్‌డౌనా అన్నా?" అని అడిగాడు.

"ఆమా" అని తలూపాడు చిన్నాయన. "బండి కాదు."

నాయుడుపేటకు ముందు రోడ్డును కోసుకుంటూ పోయే వాగు ఒకటి ఉంది. దాని పేరు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. దానిమీద వంతెన లేదు, ఒక చప్టా మాత్రం ఉండేది. దాని రెండు అంచులా సున్నం కొట్టిన రాళ్లు వరసగా పాతి ఉండేవి. ఆ రోజు చప్టామీద నీళ్లు పారుతున్నాయి. రాళ్ల తలలు మాత్రం పైకి తేలి కనిపిస్తున్నాయి. అవతలి గట్టున ఒక ప్రైవేటు కారు, దాని చుట్టూ మనుషులు. ఇవతలి గట్టున గొడుగు పట్టుకున్న ఒక రైతు మా బండి దగ్గరికి వచ్చాడు.

"మోకాటిలోతే ఉండాది, పొయ్యేయొచ్చు. కుడిపక్క మాత్రం చప్టా కోసకపోయుండాది. రాళ్లు చూసుకోని పోండి సామీ."

ఎడమపక్క రాళ్లు చిన్నాయనకు కనిపిస్తాయి. కుడిపక్క రాళ్లు చిన్నమ్మకే కనిపిస్తాయి.

ఆయన ఇంజను ఆపేశాడు. కుర్చీల గోల కూడా ఆగింది. నీళ్ల చప్పుడు ఒకటే మిగిలింది. ఆయన ఈసారి నాతో మాట్లాడలేదు. నా తల మీదుగా ఆమెతోనే మాట్లాడాడు.

"ఏమే, నువ్వు చెప్పకుండా నేను ఈ నీళ్లలో దిగను. పిల్ల ఉద్యోగం పోతాది. చెప్పు, నీకు ఏమైంది?"

ఆమె కొంతసేపు అవతలి గట్టు చూసింది.

"స్టీరింగు ఈ పక్కకు మార్చినాక ఎవురు చెప్తారో, వాళ్లనే ఇప్పుడు కూడా అడుగు."

చిన్నాయన మొహం చూడాలి. దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయినవాడి మొహం.

"నీకెవురు చెప్పినారు?"

"పుదుపేట మేస్త్రీ పెండ్లాం చెప్పింది. వచ్చే వారం బండి వాళ్ల కొట్టానికి పోతా ఉండాదంట గదా. నాకు తెలిసేది నేను ఎక్కబోయినాకనా?"

అసలు సంగతి ఇది. అప్పటికి ఊళ్లో ఎడమ స్టీరింగు బండ్లవాళ్లు ఒక్కొక్కరూ స్టీరింగును కుడిపక్కకు మార్పించుకుంటున్నారు. మారిస్తే పక్కన చూసి చెప్పే మనిషి అక్కరలేదు. చిన్నాయన కూడా మేస్త్రీతో మాట్లాడుకుని వచ్చాడు, ఆమెకు చెప్పకుండా.

"నీకోసం గదా మార్పించేది!" అన్నాడు. "రేయింబగళ్లు ఈ చెక్క సీట్లో నీ నడుము ఇరగతా ఉండాది. రాత్రుళ్లు మూలుగుతా ఉండావు. ఇంట్లో సుకంగా ఉంటావని..."

"నడుము నాది. అది నీతో వచ్చి చెప్పిందా, నన్ను ఇంట్లో కూచోబెట్టమని?"

"సరే, ఇంట్లో ఉండబాక. బండిలోనే రా. ఈ పక్క కూచో, చుమ్మా కూచోని రా, మహారాణి మాదిరి."

"ఆ పక్కనా?" చిన్నమ్మ మొదటిసారి అటు తిరిగింది. "ఆ పక్క ఏముండాది చూసేదానికి? గోడలు, కాలవలు, ఒంటికి పోసే మగోళ్లు! ఇన్నేండ్లుగా లోకమంతా నాకు ఎదురొచ్చి మొకం చూపించి పోతా ఉండాది. ఇంగ నేను మగోళ్ల వీపులు లెక్కపెట్టుకుంటా పోవాల్నా?"

గొడుగు రైతు నవ్వాపుకోలేక వెనక్కి తిరిగాడు. చిన్నాయన తన పక్క కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ క్షణాన గట్టు కింద నిజంగానే ఒకడు మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయన చూశాడు, నేను చూశాను, తల తిప్పుకున్నాను. ఆయన భుజాలు మొదట కదిలాయి, తరువాత స్టీరింగుమీద నుదురు ఆనించి నవ్వాడు.

"మార్చనే తల్లీ. మేస్త్రీకి చెప్పేస్తా."

"మనం నెల్లూరులో దిగినాక చెప్పేది కాదు. ఇప్పుడే ఒట్టు."

"ఎవురిమీద?"

"బండిమీద వెయ్యి. నామీద వేస్తే మర్చిపోతావు."

ఆయన డాష్‌బోర్డుమీద అరచేయి పెట్టాడు. ఇంజను తిప్పాడు. అంతా తేలిపోయింది, ఇప్పుడు అనేస్తుందని నేను ఆమె నోటివైపు చూశాను. ఆమె అనలేదు. అవతలి గట్టున ప్రైవేటు కారు కదిలి నీళ్లలోకి దిగాలా వద్దా అని ఊగిసలాడుతోంది. ఆమె దాన్నే చూస్తోంది. కారు దిగింది, భయపడింది, వెనక్కి పోయింది. అప్పుడు చిన్నమ్మ నడుము ఎత్తి, కోటు చేతులు పైకి మడిచి, ఆ నల్లటి చేతితో తలుపు పట్టుకుని సగం శరీరం బయటికి వంచింది.

"పో మామా!"

నీళ్లలో దిగాం. ఆమె రాయి రాయికీ అంటోంది. "పో. పో. పో." పాలు పితికేవాళ్లు ఆవుకు చెప్పే గొంతు అది. చిన్నాయన కళ్లు ఎడమ రాళ్లమీద, చెవి కుడివైపు. నడిమధ్యలో ఆమె గొంతు ఆగింది. బండి కూడా ఆ క్షణాన్నే ఆగింది. పొగగొట్టం నీళ్లలో బుడబుడమంటోంది. రైతు చెప్పిన మోకాటిలోతు గట్టు దగ్గరి లెక్క, ఇక్కడ చల్లటి నీళ్లు నా చెప్పుల కిందకు వచ్చాయి. నాకు ఉద్యోగం మాట గుర్తులేదు, ఈత రాదన్న సంగతి ఒకటే గుర్తుంది. పైనుంచి ఒక తాటిమొద్దు కొట్టుకొచ్చి, మా ముందునుంచి తాపీగా చప్టా దాటి కిందికి పోయింది. కదిలి ఉంటే అది మా చక్రాల్లో ఉండేది.

"పో మామా."

అవతలి గట్టు ఎక్కేసరికి జనం చప్పట్లు కొట్టారు. చిన్నమ్మ లోపలికి వచ్చి కూర్చుని, ఆకువక్కలు తీసి, మొదటి చిలక ఆయనకు ఇమ్మని నా చేతికిచ్చింది. ఇక మధ్యవర్తిగా నా చివరి పని అదే.

అక్కడినుంచి నెల్లూరుదాకా, పొద్దుటినుంచి దాచుకున్న "పో"లన్నీ ఆమె ఖర్చుపెట్టేసింది. ఎద్దులు, జట్కాలు, బస్సు, కొత్త లారీ, దేన్నీ వదలలేదు. ప్రతి డ్రైవరు మొహానికీ ఒక వ్యాఖ్యానం. గూడూరు దగ్గర ఒక కారును దాటినప్పుడు, "పాపం, వాళ్లకు స్టీరింగు కుడిపక్కనే ఉండాది" అంది. చిన్నాయన అంత గట్టిగా నవ్వడం నేను ముందూ వినలేదు, తరువాతా వినలేదు.

ఆ స్టీరింగు ఎన్నడూ మారలేదు. కొన్నేళ్లకు ఇక సామాను దొరక్క ఆ బండిని పుదుపేటలో ఇచ్చేసినప్పుడు, చిన్నమ్మ వెంట పోయి కుడిపక్క సీటును మాత్రం విప్పించి ఇంటికి తెచ్చుకుందట. అరుగుమీద వేసుకుని, కాళ్లు చాపుకుని వీధివైపు కూర్చునేది. సెలవులకు పోయినప్పుడు నేను చూశాను. బడిపిల్లలు వీధి దాటబోతూ ఆమె దగ్గర ఆగేవాళ్లు. ఆమె అటూ ఇటూ చూసి ఆ ఒక్క మాట అనేది. ఆమె పోయిన సంగతి నాకు నెల్లూరులోనే తెలిసింది, మా అమ్మ రాస్తే. ఆ సీటు ఎవరు తీసుకున్నారో రాయలేదు.

కాని ఆ టోపీ యువకుడికి చెప్పవలసింది ఇంకొకటి ఉంది.

మేము బడి ముందు ఆగేసరికి బడి ఇంకా వదల్లేదు. బంట్రోతు మాత్రం గంట కొట్టే కొయ్య చేతిలోకి తీసుకున్నాడు. నేను దిగాను. చీర కుచ్చిళ్లు బురద, జుట్టు పిచ్చుకగూడు, చెప్పుల్లో వాగు నీళ్లు. వరండాలో నిలబడ్డ టీచర్లు నలుగురూ ఇస్త్రీ చీరల్లో ఉన్నారు. వాళ్లందరి కళ్లూ మొదట లారీమీద, తరువాత నామీద పడ్డాయి. గేటు తీసే ఉంది. నేను బయటే నిలబడ్డాను. మద్రాసులో నేను అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగి ఆమెను చూశాను. ఆమె కిటికీలోంచి నన్ను చూడటంలేదు. నెల్లూరు వీధిని ఆ చివర, ఈ చివర, తీరిగ్గా చూసింది. ఒక సైకిలు రిక్షా పోయేదాకా ఆగింది.

"పో అమ్మణ్ణీ!"